వేలంలో పోయిన బంతి

నాకు క్షమించడం చేతకాదు. పుట్టింది ఆదివారం తప్పకుండా గుడికి పోయే ఇంట్లోనే. శత్రువును ప్రేమించమనే వాక్యం అక్షరాలు రాకముందే నోటికొచ్చింది. అయినా చేతకాదు. ఆడపిల్లల జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు నేను కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ విలేఖరులు ఎక్కడ కనిపించినా ఒకటే ప్రశ్న అడిగేవాళ్ళు, మీకు స్ఫూర్తి ఎవరు మేడమ్ అని. అమ్మ పేరు చెప్పేదాన్ని, తాత పేరు చెప్పేదాన్ని. అవి అబద్ధాలు కావు గానీ అసలు మాట మాత్రం దాచేదాన్ని. తెల్లారకముందే నన్ను మైదానానికి తరిమింది, మోకాలు వాచినా మళ్ళీ లేపి నిలబెట్టింది ఒక పగ. ఆ పగకు ముఖం ఉంది, తెల్ల పంచె ఉంది, భుజం మీద కండువా ఉంది. ఆయన పేరు దానియేలు, మా పల్లె చర్చి సంఘానికి పెద్ద, వరసకు నాకు పెదనాయన. ఇప్పుడు ఉద్యోగంలోంచి దిగిపోయాను, ఎవరికీ జవాబు చెప్పే పని లేదు, అందుకే రాస్తున్నాను.

మొన్న మా ఊరి పాస్టరుగారు ఫోన్ చేసి కోతల పండుగకు ముఖ్య అతిథిగా రమ్మన్నారు. ఆ పండుగ పేరు వినగానే నాకు ముక్కులో తంగేడు చెక్క వాసన కొట్టింది. మా ఇంటి వాసన అదే. తాత ఏసోబు తోలు పని చేసేవాడు. వసారాలో ఒక పెద్ద కుండలో తంగేడు చెక్క నానుతూ ఉండేది, దాంట్లో తోలు ఊరుతూ ఉండేది. చుట్టాలు వస్తే ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ వాసన లేకపోతే నిద్ర పట్టేది కాదు. నాయన మార్కాపురం దగ్గర పలకల గనిలో పనికి పోయి శనివారం సాయంత్రం ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ముతో వచ్చేవాడు. అమ్మ ఆయన్ని ఇంట్లోకి రానిచ్చేది కాదు, బయట రాతి మీద కూర్చోబెట్టి తలంటేది. ఆ నీళ్ళు వాకిట్లో పలక రంగులో పారేవి. మేము బేస్తవారిపేట దగ్గర పల్లెలో, అంగుళం చేను లేకుండా బతికాం. అమ్మ మరియమ్మ ఎవరి కంది చేలో కోతుంటే వాళ్ళ చేలోకి పోయేది, పొద్దు గూకాక వచ్చి సంగటి కెలికేది. కెలుకుతూ పాట పాడేది, పాట అయ్యేలోపు సంగటి ఉడికేది. మా ఇంట్లో గడియారం అదే.

తాత ఒకప్పుడు కపిల బావులకు తోలు బానలు కుట్టేవాడు. ఎద్దులు వెనక్కి నడిచి ముందుకొస్తుంటే బావిలోంచి నీళ్ళు పైకి తెచ్చే బానలవి. కరెంటు మోటార్లు వచ్చాక బానలు అడిగేవాళ్ళు లేకుండా పోయారు. కొన్నాళ్ళు చెప్పులు కుట్టాడు, చెప్పులు కూడా కంభం బజారులో రబ్బరువి దొరకసాగాయి. చేతులు ఊరుకోవు కదా. బడిలో డ్రిల్లు మాస్టరు ఆడపిల్లలకు కూడా బంతి ఆట నేర్పుతున్నాడనీ, బడికి ఉన్న ఒక్క బంతీ మగపిల్లల దగ్గరే ఉంటోందనీ నేను ఏడుస్తూ చెప్పినప్పుడు, తాత ఒక పాత బాన తీసి నీళ్ళలో వేశాడు. మార్కాపురం నుంచి నాయన లోపలి రబ్బరు తిత్తి తెచ్చాడు. తాత ఆ తోలును ముక్కలు కోసి, ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో వారాల తరబడి కుట్టాడు. చదువు రాదు కాబట్టి సంతకం బదులు తాను కుట్టిన ప్రతిదాని మీదా ఆరెతో మూడు చుక్కలు పొడిచేవాడు. బంతి మీద కూడా పొడిచాడు. అది నల్లగా, బరువుగా, కొంచెం కోలగా ఉండేది. తన్నితే ఎటు పోతుందో దానికే తెలియదు. అట్లాంటి బంతితో నేర్చుకున్నదాన్ని, తర్వాత నాకు ఏ బంతీ లెక్క కాలేదు.

ఆ ఏడు మా బడి ఆడపిల్లల జట్టు గిద్దలూరు పోయి గెలిచి వచ్చింది. నిక్కర్లు వేసుకుని ఆడామని ఊళ్ళో గుసగుసలు ఉన్నాయి గానీ అమ్మ పట్టించుకోలేదు. అమ్మ మనసులో వేరే లెక్క నడుస్తోంది. కోతల పండుగ గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. పంట ఇంటికొచ్చాక ప్రతి ఇల్లూ తన ప్రథమ ఫలం గుడికి తెస్తుంది. జొన్నలు, కందులు, గుమ్మడికాయ, కోడిపుంజు, ఎవరికి పండింది వాళ్ళు. వాక్యం అయిపోయాక వాటిని గుడి ముందే వేలం వేస్తారు. మా సంఘంలో రెండు కట్టడులు ఉన్నాయి. దేవునికి వచ్చిన కానుక బల్ల మీద మిగలకూడదు, ఎవరూ పాడకపోతే సంఘపెద్దే పాడుకోవాలి. పాడుకున్నవాళ్ళు తమ చేతులతో తామే ఇంటికి మోసుకుపోవాలి, జీతగాళ్ళతో పంపకూడదు. చేను లేని మేము ఏటా ఒట్టి చేతులతో పోయి వెనక చాప మీద కూర్చునేవాళ్ళం. అమ్మకు అది పెద్ద నామోషీ.

"మనకు చేను లేదు, చెట్టు లేదు. ఈ యేడు నీ కాలు పండింది. తొలి పంట దేవునిది గదమ్మే," అంది అమ్మ, బంతిని కొంగుతో తుడుస్తూ.

"అది తాత నాకు కుట్టింది! నేనియ్యను."

"యాడికి పోతాది? మనమే మళ్ళీ పాడుకుంటాం. ఆడపిల్ల బంతిని ఎవురు పాడతారు?"

అట్లా పాడుకోవడం మా దగ్గర మామూలే. పాలిచ్చే మేకను దేవునికి ఇచ్చినవాళ్ళు దాన్నే పాడుకుని ఇంటికి తోలుకుపోతారు. అందరికీ తెలుసు, ఎవరూ అడ్డు పాడరు. అమ్మ ఆ నమ్మకంతోనే కూలి డబ్బులు కొంగున ముడేసుకుని వచ్చింది. గుమ్మడికాయల పక్కన నా బంతిని పెడితే జనం నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, మొదటిసారి ముందు వరసలో నిలబడి. వేలంలో మొదటి పాట ఆమే పాడింది. అప్పుడు ముందు బెంచీ మీద నుంచి దానియేలు పెదనాయన అమ్మ వంక చూడకుండానే చేతికర్ర ఎత్తాడు. అమ్మ పెంచింది. ఆయన పెంచాడు. అమ్మ మళ్ళీ పెంచింది, ఆయన మళ్ళీ కర్ర ఎత్తాడు. అమ్మ కొంగు ముడి విప్పి చూసుకుని మెల్లగా మళ్ళీ వేసుకుంది. ఒకటో సారి, రెండో సారి, మూడో సారి అని వేలం ఆయనకు కొట్టేశారు. ఆ మూడో సారి అనే మాట నాకు ఇప్పటికీ గిట్టదు.

నేను జనంలోంచి ఉరికాను. "పెదనాయనా, అది నాది!"

"దేవునికిచ్చినాక నీదేంది అమ్మీ? ఆడపిల్ల నిక్కరేసుకోని ఊర్లెంబడి ఎగిరితే సంఘానికి పరువా? ఇంగ మానుకో." తర్వాత అమ్మ వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అన్నాడు. "పంట లేనోళ్ళు పంట పండక్కు రాకుంటే ఎవురన్నా అడిగినారా మరియమ్మా?"

ఆయన కట్టడి ప్రకారం బంతిని తన చేతులతోనే మోసుకుంటూ బయల్దేరాడు. నేను ఆయన వెనకే పోయాను, ఇంటి దాకా పోయాను. జాలిపడి ఇస్తాడేమోనని పోయాను. ఆయన దొడ్లో కూర్చుని, గాలి తీసి, కొడవలితో బంతిని రెండు చెక్కలుగా కోశాడు. ఒక చెక్కలో కోళ్ళకు నీళ్ళు పోశాడు. రెండో చెక్కకు తాడు కట్టి బండి కింద వేలాడదీశాడు, ఇరుసుకు పూసే కందెన పోసుకోవడానికి. "తోలు మంచిది. ఏసోబు చేతి తోలు," అని మెచ్చుకున్నాడు కూడా. ఇంటికొచ్చి తాతకు చెప్పాను. "కుట్టు యాడన్నా ఇడిసిందా?" అని అడిగాడు. లేదన్నాను. "అదీ," అన్నాడు. ఇంకొకటి కుడదామంటే అప్పటికే ఆయనకు చూపు ఆనడం లేదు.

బడికి పోయే దారి ఆ దొడ్డి ముందు నుంచే. రోజూ నా బంతిలో కోళ్ళు ముక్కు పెట్టి, తల పైకెత్తి నీళ్ళు మింగుతుంటే చూస్తూ పోయేదాన్ని. కడుపు మండడమంటే ఏమిటో పెద్దవాళ్ళ మాటల్లో వినడం కాదు, ఆ దారిలోనే నేర్చుకున్నాను. పాము పగ పన్నెండేళ్ళంటారు. నాది పాముకంటే పొడుగు. డ్రిల్లు మాస్టరు పుణ్యమా అని క్రీడా హాస్టల్లో సీటు వచ్చింది, ఊరు విడిచాను, రాష్ట్రానికి ఆడాను, దేశానికి ఆడాను, మోకాలు పోయాక కోచ్ అయ్యాను. చివరికి జాతీయ జట్టు నా చేతికొచ్చింది. ఎక్కడెక్కడి పిల్లలో, మణిపూర్ కొండల నుంచి, జార్ఖండ్ అడవుల నుంచి, హర్యానా ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. గోల్ కొట్టడం వాళ్ళకు వేరే కోచ్‌లు కూడా నేర్పగలరు. నేను నేర్పింది ఒక్కటే, పోయిన బంతిని వెంటనే తిరిగి లాక్కోవడం. బంతి పోయాక నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్న పిల్లను నేను బెంచీ మీద కూర్చోబెట్టేదాన్ని, ఎంత గొప్ప ఆటగత్తె అయినా సరే. "వెంటపడు. దాని వెనక్కే పో. ఇంటి దాకా పో," అని గీత పక్క నుంచి తెలుగులోనే అరిచేదాన్ని. అర్థం కాకపోయినా ఆ పిల్లలు పరిగెత్తేవాళ్ళు. నా పద్ధతికి పేపర్లవాళ్ళు పెద్దపెద్ద ఇంగ్లీషు పేర్లు పెట్టారు, విదేశాల్లో నేర్చుకున్నానని రాశారు. నేను నేర్చుకున్నది దానియేలు దొడ్లో.

ఒక్కటి మాత్రం లాక్కోలేకపోయాను. అమ్మ మళ్ళీ ఏనాడూ కోతల పండుగకు పోలేదు. నేను జట్టు జెండా పట్టుకుని టీవీలో కనిపించిన రోజు కూడా సంతోషం మధ్యలో, "నా చేతులారా ఇచ్చినా గదమ్మే నీ బంతి," అంది. కన్ను మూసే ముందు కూడా అదే మాట. తప్పు చేసిన మనిషి ముందు బెంచీ మీద దర్జాగా కూర్చుంటే, తప్పు చేయని మనిషి ఆ తప్పు మోసుకుంటూ పోయింది. దాన్ని ఆమె నెత్తి మీద నుంచి దించి అసలు వాడి నెత్తిన పెట్టాలి. పాస్టరుగారి ఫోనుకు వస్తానన్నది అందుకే. ఎట్లా పెట్టాలో మాత్రం రైలెక్కి కంభంలో దిగేదాకా తోచలేదు.

ఊరి మొగదల పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నా ఫోటో, పక్కనే అంతే సైజులో దానియేలు పెదనాయన ఫోటో. కింద, మన క్రీడా రత్నానికి మొదటి బంతి కొనిచ్చిన సంఘపెద్ద అని రాసి ఉంది. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. నోరున్నవాడిదే రాజ్యం కదా. నేను దేశాలు తిరుగుతుంటే ఆయన ఇక్కడ కూర్చుని ఏళ్ళ తరబడి ఆ కథ చెప్పుకున్నాడన్నమాట. ఎనభై దాటిన మనిషి, అదే తెల్ల పంచె, అదే కర్ర. ఇప్పుడు ఊళ్ళో అందరివీ ట్రాక్టర్లే గానీ ఆయన పాత ఎడ్లబండిని పండుగ కోసం అట్టిపెట్టాడు. పూలు కట్టిన ఆ బండిలో కానుకలతో పాటు నన్నూ కూర్చోబెట్టి ఊరేగించారు. గుళ్ళో మైకు పట్టుకుని ఆయన, "ఈ పాపలో ఉండే కళను తొలీత చూసినోన్ని నేనే. ఆ బంతిని నా డబ్బుల్తో కొన్నా," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొన్న మాట నిజమేనని నేను కూడా రెండు చేతులు కలిపాను.

మధ్యాహ్నం భోజనం ఆయన ఇంట్లోనే. చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి పోతే కొట్టంలో విప్పిన బండి ఉంది. దాని కింద తాడుకు నల్లగా ఒక కందెన బుర్ర వేలాడుతోంది. ఊరేగింపు కోసం ఆముదం, మసి కలిపి పోసిన తాజా కందెన నిండుగా ఉంది. వేలితో అంచు తుడిచాను. మైనపు దారం, ఒక్క కుట్టు కూడా విడవలేదు. ఇంకొంచెం తుడిస్తే మూడు చుక్కలు. ఇన్నేళ్ళూ ఆముదం తాగి తోలు చెక్కు చెదరకుండా ఉంది. పొద్దున నేను ఊరేగింది దాని మీదే. ఏడ్చానని రాయను, ఏడుపు రాలేదు. ఏం చేయాలో అప్పుడు తెలిసింది.

"ఈ కందెన బుర్ర నాకిస్తావా పెదనాయనా?" అని అడిగాను.

ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. "అదా? పట్నమోళ్ళకు పాత సామాన్లు ముద్దు గదా. తీస్కపో తల్లీ. యాడిదో యేమో, నా పెండ్లినాటిది."

గుర్తు లేదు. నా బతుకంతా మోసింది ఆయనకు గుర్తు కూడా లేదు. అప్పటిదాకా ఎక్కడో ఒక మూల ముసలివాడులే అన్న మెత్తదనం కాస్త ఉండిందేమో, అది కూడా ఆ మాటతో పోయింది.

వేలం మొదలైంది. ఇప్పుడు చాపలు లేవు, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. ఆడపిల్లలు జీన్స్ వేసుకుని తల్లుల పక్కనే కూర్చున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. గుమ్మడికాయలు, పుంజులు అయ్యాక నేను లేచి కందెనతో సహా ఆ బుర్రను బల్ల మీద పెట్టాను. నంద్యాల వైపు నుంచి వచ్చిన కుర్ర పాస్టరుగారికి అదేమిటో తెలియలేదు.

"ఇదేంది మేడమ్?"

"మా అమ్మ కానుక అయ్యగారూ. ఒకసారి ఇచ్చింది. ఆమె తరఫున నేను మళ్ళీ ఇస్తున్నాను."

అమ్మతో కలిసి కూలికి పోయిన సుగుణమ్మత్త కర్ర ఊతంతో బల్ల దాకా వచ్చి వంగి చూసింది. "ఓయమ్మా! ఇది ఏసోబన్న కుట్టిన బంతి గదా. మూడు చుక్కలుండాయి సూడండి. మరియమ్మ పాడుతుంటే పోటీకొచ్చి పాడి, తీస్కపోయి కొడవలితో కోసినాడు గదా!" ఎవరు కోశారో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా అందరూ ముందు కుర్చీ వైపు తిరిగారు. మైకులో ఆయన పొద్దున చెప్పిన కథ ఇంకా ఎవరి చెవుల్లోంచీ పోలేదు.

పాస్టరుగారు ఇబ్బందిగా పాట పిలిచారు. ఎవరూ పాడలేదు. మళ్ళీ పిలిచారు. పక్కన పుంజు రెక్కలు కొట్టుకుంది. నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. ఆయన నా వంక చూడలేదు, బల్ల వంక చూశాడు. ఆ చూపులో గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

"బల్ల మీద మిగలకూడదు గదా పెదనాయనా," అన్నాను.

ఆయన కర్ర కొంచెం పైకి లేచింది. ఒకటో సారి, రెండో సారి, మూడో సారి. నేను ఇన్నేళ్ళకు ఆ మాట చెవులారా విన్నాను. ఆయన పెద్ద కొడుకు గబగబా వచ్చి బుర్ర అందుకోబోయాడు.

"ఆగు తమ్ముడూ. పాడుకున్నోళ్ళే మోయాల. ఆ కట్టడి మీ నాయన నోటెంట నేను యెన్నిసార్లో విన్నా."

కొడుకు తండ్రి వంక చూశాడు. ఆయన లేచి, కర్రను కొడుక్కిచ్చి, రెండు చేతులతో బుర్ర ఎత్తుకున్నాడు. ఎండకు కందెన కరిగి ఉంది. రెండడుగులు వేయకముందే అంచు మీదుగా నల్లగా జారి మోచేతుల దాకా కారింది. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నడుం నుంచి పాదాల దాకా చారలు పడ్డాయి. షామియానా దాటి వీధిలోకి వచ్చాడు. నేను ఆయన వెనకే నడిచాను, ఆ రోజు నడిచినట్టే. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు తేలికయ్యేది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటారు. నా తాత చెప్పులు కుట్టినవాడే కాబట్టి ఆ మాట నాకు బాగా నచ్చుతుంది. నాకు ఆ దారి పొడుగునా హాయిగా ఉంది. ముసలివాడితో అట్లా చేయొచ్చా అని తర్వాత ఒకరిద్దరు అడిగారు. నా అమ్మతో చేసినప్పుడు ఆయన ముసలివాడు కాదు, అడగాల్సినవాళ్ళు అప్పుడు అడగలేదు.

వాకిట్లో ఆయన ఆగాడు. ఆయాసపడుతున్నాడు. బుర్రను కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయో చెమటో నేను చూడదలచుకోలేదు.

"ఇంగ చాలా అమ్మీ?" అన్నాడు.

"చాల్దు పెదనాయనా," అన్నాను. "ఇది సగమే గదా. కోళ్ళకు పెట్టిన సగం యాడుంది?"